అపోఫిస్ 2029లో ఢీకొంటుందా? 2.7 శాతం ఉన్నది సున్నా ఎలా అయింది?

అడిగింది ఇదీ: "సార్, మాది ప్రొద్దుటూరు. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం భూమిని ఢీకొంటుందని ఒక వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతోంది. అది చూసినప్పటి నుంచి మా జేజికి ఒకటే టెన్షన్. నాసావాళ్లే ఒకప్పుడు 2.7 శాతం అన్నారంట, తర్వాత సున్నా అన్నారంట. ఇట్లా మాట మార్చేవాళ్లను ఎట్లా నమ్మేది? అది భూమి దారిని దాటుతూనే ఉంటుంది కదా, అట్లాంటప్పుడు ఏదో ఒకరోజు తగలక తప్పదేమో? మన కడప, అనంతపురం వైపు నుంచి కంటికి కనిపిస్తుందా?"

ముందు జేజికి చెప్పాల్సిన మాట: తగలదు. 2029లోనే కాదు, ఇంకో వందేళ్ల దాకా దానివల్ల మనకు ముప్పు లేదు. ఆ మాట చెప్పి ఆమెను నిద్రపోనివ్వండి. మిగతాది మీకోసం రాస్తున్నాను. అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ, రాత్రిళ్లు టెలిస్కోప్ మోసుకుని తిరిగేవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఆ రోజు శుక్రవారం, తేదీ 13, పైగా అమావాస్య. వీడియోలు చేసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

మీ ప్రశ్నలో అసలైనది "మాట మార్చేవాళ్లను ఎట్లా నమ్మేది" అన్నది. దానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది అర్థమైతే రేపు ఇంకో గ్రహశకలం పేరు చెప్పి ఎవరు భయపెట్టినా మీరే జవాబు చెప్పుకోగలరు.

2004 జూన్ 19న అరిజోనాలోని కిట్ పీక్ అబ్జర్వేటరీ నుంచి రాయ్ టక్కర్, డేవిడ్ థోలెన్, ఫాబ్రిజియో బెర్నార్డి దీన్ని కనిపెట్టారు. రెండు రాత్రులు చూడగలిగారు, అంతే. తర్వాత అది చేజారిపోయింది. మళ్లీ డిసెంబరులో ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ నుంచి దొరికింది. ఆ కాసిని ఫొటోలతోనే కక్ష్య లెక్కగట్టి, పాతికేళ్లు ముందుకు జరిపి చూస్తే 2029 ఏప్రిల్ 13న భూమి పక్కన తేలింది. లెక్క బిగిసేకొద్దీ ఢీకొనే అవకాశం పెరుగుతూ పోయి, డిసెంబరు 27న 2.7 శాతానికి చేరింది. అంటే 37లో ఒక వంతు. ఇలాంటి ముప్పును కొలిచే టొరినో స్కేలు మీద దానికి 4 ఇచ్చారు. ఇప్పటిదాకా ఏ గ్రహశకలానికీ అంత రేటింగ్ రాలేదు. ఆ ముందురోజే హిందూ మహాసముద్రంలో సునామీ వచ్చింది. మన టీవీల్లో వారాల తరబడి అదే వార్త. అందుకే ఈ సంగతి అప్పట్లో మన దగ్గర ఎవరి చెవినా పడలేదు.

ఇంతలో ఇంకొకటి జరిగింది. అరిజోనాలోనే స్పేస్‌వాచ్ అనే బృందం 2004 మార్చి 15న తీసిన పాత ఫొటోలను తిరగేస్తే వాటిలో ఇదే శకలం మసకగా పడి ఉంది. కనిపెట్టడానికి మూడు నెలల ముందే ఫొటోలో ఉందన్నమాట, ఎవరూ గమనించలేదు. ఆ చుక్కను కూడా లెక్కలోకి తీసుకున్నాక 2029లో ఢీకొనే అవకాశం పూర్తిగా పోయింది.

ఇది మాట మార్చడం కాదు. పదెకరాల వేరుశనగ చేలో ముక్కుపుడక పడిపోయిందనుకోండి. ఆ చేలో ఒక బావి ఉంది. పుడక బావిలో పడి ఉండే అవకాశం ఎంత? పదెకరాల్లో బావి ఎంతో అంతే, చాలా తక్కువ. "లేదు, పొద్దున ఈ ఎకరంలోనే కలుపు తీశాం" అని గుర్తొచ్చింది, ఆ ఎకరంలోనే బావి ఉంది. బావి పెరగలేదు, పుడక కదల్లేదు, కానీ బావిలో పడి ఉండే అవకాశం ఒక్కసారిగా పదింతలైంది. ఇంకాసేపటికి "పడమటి గట్టు దగ్గర వంగినప్పుడు ముక్కుకు ఉంది, తూర్పు వైపు పోయేసరికి లేదు" అని తేలింది. బావి ఉన్నది ఆ పడమటి గట్టు పక్కనే, దాన్ని దాటి వచ్చాకే పుడక పోయింది. ఇక బావి మాటే లేదు. వెతికే జాగా తగ్గేకొద్దీ అవకాశం మొదట పెరుగుతుంది, తర్వాత చాలాసార్లు ఒక్కదెబ్బతో సున్నా అవుతుంది. కొద్ది ఫొటోలతో కట్టిన కక్ష్య ఒక గీత కాదు, బోలెడన్ని గీతల కట్ట. 2029 నాటికి ఆ కట్ట లక్షల కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంటుంది. కొత్త కొలత వచ్చినప్పుడల్లా కట్ట సన్నబడుతుంది. భూమి ఇంకా దాని లోపలే ఉన్నంతసేపూ శాతం పెరుగుతుంది.

2024 వైఆర్4 అనే ఇంకో గ్రహశకలం విషయంలో అచ్చం ఇదే జరిగింది. 2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోప్ కనిపెట్టింది. 2025 ఫిబ్రవరి 18న అది 2032లో భూమిని తాకే అవకాశం 3.1 శాతానికి ఎక్కింది, అపోఫిస్‌ను కూడా దాటేసింది. ఆ వారం వార్తల్లో దాని గోలే. కొద్దిరోజుల్లోనే ఆ శాతం దాదాపు సున్నాకు పడిపోయింది. పెరిగినప్పుడు అరిచినవాళ్లలో ఎంతమంది పడిపోయినప్పుడు కూడా చెప్పారో మీరే గుర్తుచేసుకోండి.

ఇక కక్ష్య సంగతి. మీ రెండో అనుమానం, "దారి దాటేది ఏదో ఒకరోజు తగలక తప్పదు" అన్నది, చాలామందికి ఉన్నదే.

అపోఫిస్ సూర్యుణ్ని చుట్టి రావడానికి సుమారు 324 రోజులు పడుతుంది. సూర్యుడికి దగ్గరైనప్పుడు 11 కోట్ల కి.మీ. పైచిలుకు దూరంలో ఉంటుంది, అంటే శుక్రుడి కక్ష్య దగ్గరిదాకా పోయి, దాన్ని దాటకుండానే తిరిగొస్తుంది. దూరమైనప్పుడు 16 కోట్ల 40 లక్షలు. భూమి 15 కోట్ల దగ్గర తిరుగుతోంది కాబట్టి, ఇది ఎక్కువ కాలం మన కక్ష్య లోపలే ఉండి కొంచెం బయటికి తొంగిచూసి పోతుంది. ఇలాంటి కక్ష్యలవాటిని ఏటెన్ వర్గం అంటారు. వీటితో ఇబ్బంది ఇదే: ఎక్కువసేపు సూర్యుడి వైపే ఉంటాయి, పగటి వెలుగులో టెలిస్కోప్‌కు దొరకవు.

దాని కక్ష్యాతలం మన కక్ష్యాతలానికి సుమారు 3.3 డిగ్రీలు వాలి ఉంది. కాగితం మీద గీస్తే రెండు దారులూ అడ్డంగా కోసుకున్నట్టు కనిపిస్తాయి. నిజంగా అంతరిక్షంలో బాగా దగ్గరపడేది ఒక్కచోటే. భూమి ఏటా ఏప్రిల్ 13 ప్రాంతంలో ఆ చోటికి వస్తుంది. ఇప్పుడు ఒక చిన్న లెక్క మీరే వేయండి. భూమి సెకనుకు సుమారు 30 కి.మీ. పోతోంది. భూమి వ్యాసం 12,742 కి.మీ. అంటే తన ఒంటి పొడవును దాటడానికి దానికి పట్టేది ఏడు నిమిషాలు. ఢీకొనాలంటే అపోఫిస్ ఆ చోటికి రావడం చాలదు, సరిగ్గా ఆ ఏడు నిమిషాల్లోనే రావాలి. ముందొచ్చినా వెనకొచ్చినా ఎవరి దారి వారిదే.

ఏటా దగ్గరికి కూడా రాదు. దాని చుట్టు 324 రోజులు, మనది 365. ప్రతి చుట్టుకూ అది మనకన్నా కొంచెం ముందుకు పోతుంది. మళ్లీ మన పక్కకు రావాలంటే సుమారు ఎనిమిదేళ్లు పడుతుంది. తేదీలు చూడండి: 2004 డిసెంబరు, 2013 జనవరి, 2021 మార్చి, 2029 ఏప్రిల్. 2013లో కోటీ 44 లక్షల కి.మీ. దూరం నుంచి, 2021లో కోటీ 70 లక్షల నుంచి పోయింది. 2029లో మాత్రం భూమి ఉపరితలానికి సుమారు 32,000 కి.మీ. ఎత్తులో పోతుంది. మీ మిద్దె మీద డిష్ యాంటెనా ఏ ఉపగ్రహం వైపు చూస్తోందో అది 35,786 కి.మీ. ఎత్తులో ఉంది. అంటే దానికన్నా కిందనుంచే. వందల మీటర్ల రాయి ఇంత దగ్గరగా పోవడం వేల ఏళ్లకోసారి జరిగే సంగతి. అందుకే ప్రపంచంలోని ఖగోళ శాస్త్రవేత్తలంతా ఆ తేదీకోసం కాచుకుని ఉన్నారు, భయంతో కాదు.

"అయినా ఎప్పటికైనా?" అంటారా. లక్షల, కోట్ల ఏళ్ల లెక్కలో ఇలాంటి రాళ్లు ఏదో ఒక గ్రహాన్నో సూర్యుణ్నో తాకడమో, సౌరమండలం నుంచి బయటికి విసిరేయబడడమో మామూలే. కానీ అది జేజి నిద్ర చెడగొట్టుకోవాల్సిన లెక్క కాదు.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఒకటుంది. 2029లో భూమి అపోఫిస్‌ను తన ఆకర్షణతో వంచేస్తుంది. ఎంతలా అంటే, 324 రోజుల చుట్టు కాస్తా సుమారు 14 నెలలకు పెరుగుతుంది. ఇప్పటిదాకా ఎక్కువగా మన కక్ష్య లోపల తిరిగింది ఆ తర్వాత ఎక్కువగా బయట తిరుగుతుంది, ఏటెన్ వర్గం వదిలి అపోలో వర్గంలో చేరుతుంది. ఎంత వంగుతుందన్నది ఎంత దగ్గరగా పోయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకప్పుడు శాస్త్రవేత్తలను నిజంగా కలవరపెట్టింది ఇదే. 2029లో అది ఒక ప్రత్యేకమైన చోటు నుంచి, సుమారు 600 మీటర్ల వెడల్పున్న సందులోంచి, పోయి ఉంటే దాని చుట్టు సరిగ్గా ఏడేళ్లకు ఆరుసార్లు అయ్యేలా మారి, 2036 ఏప్రిల్లో మళ్లీ అదే చోట మనకు ఎదురయ్యేది. ఆ సందును కీహోల్ అంటారు. 2013లో దగ్గరికొచ్చినప్పుడు మళ్లీ కొలిచి 2036ను కొట్టేశారు. చివరికి మిగిలింది 2068.

దాన్ని తేల్చడం ఎందుకు కష్టమైందంటే, ఆకర్షణ ఒక్కటే అయితే లెక్క సులువు. ఎండకు రాయి వేడెక్కుతుంది, తిరుగుతూ తిరుగుతూ ఆ వేడిని వేరే దిక్కుకు వదులుతుంది. ఆ వదలడంలో అతి చిన్న తోపు ఉంటుంది. దీన్ని యార్కోవ్‌స్కీ ప్రభావం అంటారు. అపోఫిస్ విషయంలో ఆ తోపు కక్ష్యను ఏటా సుమారు 170 మీటర్లు లోపలికి జరుపుతోందని 2020లో కొలిచారు. కోట్ల కిలోమీటర్ల కక్ష్యలో 170 మీటర్లు! అయినా ఆ మాత్రమే 2068 లెక్కను తారుమారు చేయగలదు. 2021 మార్చిలో అది కోటీ 70 లక్షల కి.మీ. దూరంలో ఉండగా కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ 70 మీటర్ల డిష్ నుంచి రాడార్ తరంగాలు పంపారు. పోయి తగిలి తిరిగిరావడానికి దాదాపు రెండు నిమిషాలు. వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ డిష్ ఆ ప్రతిధ్వనిని అందుకుంది. అంత దూరాన్నీ సుమారు 150 మీటర్ల కచ్చితత్వంతో కొలవగలిగారు. దాంతో 2029లో అది పోయే చోటులోని అనిశ్చితి వందల కిలోమీటర్ల నుంచి కొద్ది కిలోమీటర్లకు దిగింది. 2068 కూడా లిస్టులోంచి పోయింది. నేను పైన "వందేళ్లు" అన్నది ఈ కొలత మీద నిలబడి చెప్పిన మాటే.

వీడియోల్లో ఇంకొకటి చెబుతుంటారు: "దగ్గరగా పోతే దాని ఆకర్షణకు భూకంపాలొస్తాయి, సముద్రాలు పొంగుతాయి" అని. అపోఫిస్ సగటున 340 మీటర్ల రాయి, ద్రవ్యరాశి కొన్ని కోట్ల టన్నులు. సముద్రం మీద దాని లాగుడు చంద్రుడి లాగుడులో వంద కోట్లలో ఒక వంతు ఉంటుంది. కదిలేది ఏమైనా ఉంటే అపోఫిస్సే. మన ఆకర్షణకు దాని మీద రాళ్లు జారొచ్చు, అది తిరిగే తీరు మారొచ్చు. అది చూడ్డానికే నాసావారి ఓసిరిస్-అపెక్స్ వ్యోమనౌక 2029లో దాని దగ్గరికి చేరబోతోంది. బెన్ను గ్రహశకలం నుంచి మట్టి తెచ్చిచ్చిన నౌకే ఇది, పని అయిపోయాక ఇటు మళ్లించారు.

నిజంగా భయపడాలంటే దేనికి భయపడాలి అని నన్నడిగితే, పేరు పెట్టినవాటికి కాదు, ఇంకా కనబడనివాటికి అంటాను. కిలోమీటరు దాటిన భూసమీప శకలాల్లో 90 శాతానికి పైగా మనకు తెలుసు. 140 మీటర్లు దాటినవాటిలో సగం కూడా ఇంకా దొరకలేదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద పేలింది 20 మీటర్లలోపు రాయి. సూర్యుడి వైపు నుంచి వచ్చింది, ఎవరూ ముందు చూడలేదు, కిటికీ అద్దాలు పగిలి వెయ్యిమందికి పైగా దెబ్బలు తగిలాయి. ముందే తెలిస్తే చేయగలిగింది మాత్రం ఇప్పుడు ఉంది: 2022 సెప్టెంబరు 26న నాసావారి డార్ట్ నౌకను, ఒక పెద్ద శకలం చుట్టూ తిరిగే డైమోర్ఫోస్ అనే చిన్న శకలానికి గుద్దించి, దాని 11 గంటల 55 నిమిషాల చుట్టును అరగంటకు పైగా తగ్గించారు. వెతకడంలో మనవాళ్లకూ వాటా ఉంది. చిత్తూరుకు దక్షిణాన జవ్వాది కొండల్లోని కావలూరు నుంచి 1988లో ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి దానికి రామానుజన్ పేరు పెట్టారు. అది మనవైపు వచ్చేది కాదు, కుజుడికీ గురుడికీ మధ్య తిరిగేది.

మాటవరసకు ఒక హెచ్చరిక. 2029 దగ్గరపడేకొద్దీ "అపోఫిస్ నుంచి రాలిన ముక్క" అని నల్లరాళ్లు అమ్మేవాళ్లు తయారవుతారు. వజ్రకరూరు, జొన్నగిరి వైపు తొలకరికి వజ్రాలు వెతికే జనం ఉన్న సీమ మనది, రైస్ పుల్లర్ పేరుతో లక్షలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అపోఫిస్ నుంచి ఏదీ రాలదు. మన చేలల్లో దొరికే నున్నటి నల్లరాయి దాదాపు ఎప్పుడూ డోలరైటే. రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇప్పుడు చూడడం సంగతి. అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది మన టైము ప్రకారం ఏప్రిల్ 14 తెల్లవారుజామున సుమారు 3:15కు. ఆ సమయానికి అది అట్లాంటిక్ సముద్రం పైన ఉంటుంది, మనకు పడమట దిగిపోయి ఉంటుంది. బాగా వెలిగేటప్పుడు చూసే అదృష్టం యూరప్, ఆఫ్రికా వాళ్లది. కాబట్టి మూడింటికి అలారం పెట్టుకుని లేస్తే ఏమీ కనబడదు. మనకు పనికొచ్చేది 13వ తేదీ రాత్రి మొదటి సగం. అది ఆస్ట్రేలియా మీదుగా, హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా వైపు పోతుంది. మనకు దక్షిణం వైపు మొదలై రాత్రి గడిచేకొద్దీ పడమటికి జారుతుంది. మొదట్లో బైనాక్యులర్ కావాలి, 10×50 చాలు. అర్ధరాత్రి ప్రాంతానికి మంచి చీకటి ఉన్నచోట మామూలు కంటికీ అందొచ్చు. అమావాస్య కావడం మనకు వరం. దాన్ని గుర్తుపట్టడం ఎలా? ఉపగ్రహంలా చూస్తుండగానే ఆకాశమంతా దాటిపోదు. పక్కనున్న నక్షత్రాన్ని గుర్తుపెట్టుకుని కొన్ని నిమిషాలు ఆగి చూస్తే జరిగి ఉంటుంది.

ఫోన్లోని స్కై యాప్‌లను ఆ ఒక్కరాత్రికి నమ్మకండి. చాలా యాప్‌లు భూమి ఆకర్షణవల్ల వచ్చే వంపును లెక్కలోకి తీసుకోవు. జేపీఎల్ హొరైజన్స్ అనే ఉచిత వెబ్‌సైటులో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే నిమిషం నిమిషానికీ ఎక్కడుంటుందో చెబుతుంది. ఊరు మారితే స్థానం కూడా మారుతుంది కాబట్టి హైదరాబాదువాళ్లు పెట్టిన పట్టిక వాడకండి.

చోటు విషయంలో, మీకు గండికోట దగ్గరే. అయితే కోట దగ్గరి లైట్లకు దూరంగా, పడమర తెరుచుకుని ఉన్నవైపు జరగండి. కర్నూలు వాళ్లకు ఔకు రిజర్వాయర్ గట్టు బాగుంటుంది. అనంతపురం వైపు గాలిమరల కొండలకు ఎదురుగా కూర్చోకండి, ఆ ఎర్రలైట్లు వెలిగి ఆరుతూ కళ్లను చీకటికి అలవాటు పడనివ్వవు. ఏప్రిల్లో సాయంత్రం ఉరుముల మబ్బు పట్టడం మనకు మామూలే, రెండు చోట్లు అనుకుని పెట్టుకోండి. రాళ్లమీద కూర్చునేముందు టార్చి వేసి తేళ్లు లేవని చూసుకోండి.

చివరిగా కాలేజీ పిల్లలకు ఒక పని. దాని దూరాన్ని మీరే కొలవొచ్చు, నాసా అక్కర్లేదు. కర్నూల్లో ఒకరు, అనంతపురంలో ఒకరు, కెమెరా స్టాండు మీద పెట్టి ఒకే క్షణంలో ఫొటో తీయాలి. టైము ఫోన్ నెట్‌వర్క్‌తో సరిచూసుకోండి, ఒకటి రెండు సెకన్లకు మించి తేడా రాకూడదు. ఎక్స్‌పోజర్ రెండు మూడు సెకన్లు చాలు. రెండు ఊళ్ల మధ్య సరళరేఖలో సుమారు 135 కి.మీ. అపోఫిస్ లక్ష కి.మీ. దూరంలో ఉన్నప్పుడు రెండు ఫొటోల్లో నక్షత్రాల మధ్య దాని చోటు 0.08 డిగ్రీ దాకా తేడా వస్తుంది. అది చంద్రబింబం వెడల్పులో ఆరోవంతు. 200 ఎంఎం లెన్సుకు సులువుగా దొరుకుతుంది. 135ని 57.3తో గుణించి ఆ డిగ్రీలతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వచ్చేస్తుంది. శకలం మీ రెండు ఊళ్లను కలిపే గీతకు అడ్డంగా ఉన్నప్పుడే ఈ లెక్క సూటిగా వర్తిస్తుంది, ఏటవాలుగా ఉంటే కొంచెం త్రికోణమితి కలపాలి. అది మీ లెక్చరర్ చేయిస్తారు.

దీనికి రిహార్సల్ ఇప్పుడే చేసుకోవచ్చు. చంద్రుడు ఏదైనా ప్రకాశవంతమైన నక్షత్రం పక్కకు వచ్చిన రాత్రి, అవే రెండు ఊళ్ల నుంచి, అదే పద్ధతిలో. తేడా ఒక నిమిషం కోణానికి, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు, కాస్త ఎక్కువ మాత్రమే వస్తుంది, కాబట్టి పెద్ద లెన్సు వాడండి. మొదటిసారి టైము కలవదు, రెండోసారి ఫోకస్ కుదరదు. ఆ తిప్పలన్నీ 2029కి ముందే పడి ఉంటే మంచిది.